తుడిచేసుకున్న రెండు చక్రాలు: ఎం-209 బాగుచేసిన నా అనుభవం

ముందే ఒప్పేసుకుంటాను. ఎనభై ఏళ్ళలో ఎవరూ చెయ్యని పాడుపని ఈ యంత్రానికి నేను మొదటి గంటలోనే చేశాను. అదెలా జరిగిందో రాస్తే, ఎవరికైనా ఇలాంటి వస్తువు చేతికొచ్చినప్పుడు నాలా తొందరపడకుండా ఉంటారని రాస్తున్నా.

మేముండేది అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం పైభాగంలో, సిరక్యూస్‌కి గంట దూరంలో. న్యూయార్క్ అనగానే మనవాళ్ళు అద్దాల మేడలు ఊహించుకుంటారు గానీ ఇక్కడున్నవి మొక్కజొన్న చేలు, ఆవులు, సగం ఏడాది చలి. ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక ఇల్లు అమ్మే ముందు పిల్లలు సామానంతా ఇంట్లోనే పరిచి అమ్మకానికి పెడతారు, ఎస్టేట్ సేల్ అంటారు. నాకు శనివారం పొద్దున్నే వాటి చుట్టూ తిరగడం అలవాటు. పాత రేడియోలు, గడియారాలు, ఇలాంటివి. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే చెత్త.

ఆ రోజు ఒకింటి బేస్‌మెంట్‌లో పెయింట్ డబ్బాల పక్కన ఆకుపచ్చ కాన్వాసు సంచి ఒకటి కనిపించింది. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. లోపల ముదురాకుపచ్చ ఇనప్పెట్టె, మన స్టీలు టిఫిన్ డబ్బాని అడ్డంగా పడుకోబెట్టినంత ఉంటుంది. మీద అతికించిన చీటీలో "పాత కూడికల మిషను" అని రాసుంది, ధర 180 డాలర్లు. మూత తీసి చూస్తే ఆరు చిన్న చక్రాలు వరసగా, వాటి అంచుల మీద అంకెలు కాదు, అక్షరాలు. గుండె ఒక్కసారి ఝల్లుమంది. బేరమాడితే అనుమానం వస్తుందేమోనని బేరం కూడా ఆడలేదు, అది నా జీవితంలో మొదటిసారి.

అది ఎం-209. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం యుద్ధరంగంలో సందేశాలు గుట్టుగా పంపుకోవడానికి వాడిన సంకేత యంత్రం. నిజం చెప్పాలంటే జర్మన్ల సంకేత యంత్రం ఎనిగ్మాతో పోలిస్తే ఇది అంత అరుదైనది కాదు, దాదాపు 1,40,000 చేశారు. కానీ సంచితో, లోపలి స్క్రూడ్రైవరు, పట్టకారు, నూనె డబ్బీతో సహా, ముఖ్యంగా ఎవరూ కెలక్కుండా దొరకడం మాత్రం అరుదే. ఆ "కెలక్కుండా" అన్న మాట విలువ నాకు తర్వాత తెలిసింది.

ఇంకో తమాషా ఏంటంటే దీన్ని తయారుచేసింది మా పక్క ఊళ్ళవాళ్ళే. ఎల్.సి. స్మిత్ అండ్ కరోనా టైప్‌రైటర్ కంపెనీ. స్మిత్ వాళ్ళది సిరక్యూస్, కరోనా వాళ్ళది గ్రోటన్, రెండూ మాకు కారులో వెళ్ళొచ్చే దూరమే. టైప్‌రైటర్ కంపెనీ అని చదవగానే నాకు తెనాలిలో మా బాబాయి గుర్తొచ్చాడు. ఆయన ముప్పై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్‌ల మిషన్లు బాగుచేశాడు, లోయరూ హయ్యరూ పరీక్షల సీజన్‌లో అన్నం తినడానికి కూడా తీరేది కాదు ఆయనకి. కంప్యూటర్లొచ్చి ఆ పని పోయింది గానీ చేతుల్లో విద్య ఎక్కడికి పోతుంది. వెంటనే వీడియో కాల్ చేశాను.

"ఒరేయ్, ముందు ఏమీ ముట్టుకోకు. ఫొటోలు తియ్యి. ఏ స్క్రూ ఎక్కడిదో కాయితం మీద బొమ్మేసి, ఆ బొమ్మ మీదే స్క్రూ గుచ్చి పెట్టు" అన్నాడు.

"తీశాను బాబాయ్."

"అన్ని పక్కల్నుంచీ తీశావా?"

తీశాననే చెప్పాను. పైనుంచి, ముందునుంచి ఓ ఇరవై ఫొటోలు తీశాను మరి. నేను పాడు చేసిందేమిటో అర్థం కావాలంటే ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పాలి, ఓపిక పట్టండి.

ఎడమ పక్కన అక్షరాల బిళ్ళ ఒకటుంటుంది. సంకేతంలోకి మార్చాల్సిన అక్షరం దాని మీద తిప్పి పెట్టి, కుడి పక్క పిడి ఒక చుట్టు తిప్పితే, సన్నని కాగితం పట్టీ మీద వేరే అక్షరం అచ్చవుతుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, అంతా పళ్ళచక్రాలే. లోపలున్న ఆరు చక్రాలకీ అక్షరాలు సమానంగా ఉండవు. వరసగా 26, 25, 23, 21, 19, 17. ప్రతి అక్షరం పక్కనా ఒక బుల్లి పిన్ను. దాన్ని గోటితో కుడికి తోస్తే పనిచేస్తుంది, ఎడమకి తోస్తే చెయ్యదు. మొత్తం 131 పిన్నులు. చక్రాల వెనక పంజరంలాంటి డ్రమ్ము, దానికి 27 అడ్డకడ్డీలు, ఒక్కో కడ్డీ మీద అటూ ఇటూ జరిపి పెట్టుకునే రెండు బొడిపెలు. పిడి తిప్పినప్పుడు ఏ చక్రంలో పిన్ను కుడికి ఉందో, ఆ చక్రానికి ఎదురుగా బొడిపెలున్న కడ్డీలన్నీ పక్కకి జరుగుతాయి. ఎన్ని కడ్డీలు జరిగితే అచ్చు చక్రం అన్ని అక్షరాలు తిరుగుతుంది. ఒక అక్షరం అయ్యాక ఆరు చక్రాలూ ఒక్కో అడుగు ముందుకేస్తాయి. ఆ ఆరు అంకెలకీ ఉమ్మడి భాజకం లేదు కాబట్టి మళ్ళీ మొదటి స్థితికి రావాలంటే 10,14,05,850 అక్షరాలు పడతాయి.

అంటే ఆ పిన్నులూ బొడిపెలూ ఎలా ఉన్నాయన్నదే తాళంచెవి. సైన్యంలో దాన్ని ఒక పట్టిక చూసి ఎప్పటికప్పుడు మార్చేవాళ్ళు. శత్రువుకి చిక్కేలా ఉంటే అన్నీ తుడిచేయాలి, లేదా యంత్రాన్నే పగలగొట్టాలి.

మరి నేనేం చేశాను? మొదటి చక్రం బయటికి తీశాను. పిన్నులు పాతగ్రీజు ఎండి బంకలా మారి బిగుసుకుపోయి ఉన్నాయి. కదులుతాయో లేదో చూద్దామని ఇత్తడి పుల్లతో ఒక్కొక్కటీ ఎడమకి నెట్టుకుంటూ పోయాను. కిరసనాయిల్లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. తళతళలాడిపోయింది. రెండో చక్రమూ అంతే. మూడోది చేతిలోకి తీసుకుని మొదటి పిన్ను మీద పుల్ల ఆనించాక అప్పుడు వెలిగింది బుర్రలో. ఈ పిన్నులు ఎవరో ఒక మనిషి కావాలని ఇలా పెట్టి వదిలేసినవి. ఇది ఎవరో చివరిసారి పెట్టిన తాళం. నేను అందులో 51 పిన్నులు తుడిచేశాను.

ఆ రాత్రి అన్నం సహించలేదంటే నమ్మండి. ఫొటోలు పెద్దవి చేసి చూశాను. లైటు వెలుగు నేరుగా చక్రాల మీద పడి అంతా తెల్లగా మెరుస్తోంది. మొదటి చక్రంలో నాలుగు పిన్నులు మాత్రం కనిపిస్తున్నాయి: ఏ, బి కుడికి, సి ఎడమకి, డి కుడికి. రెండో చక్రంలో అదీ లేదు. బాబాయికి చెప్పడానికి రెండు రోజులు మొహం చెల్లలేదు. చెప్పాక ఆయన తిట్టలేదు, "మా సాయిబు దగ్గర పని నేర్చుకునేటప్పుడు నేనూ ఒక రెమింగ్టన్‌కి స్ప్రింగులన్నీ కలిపేశానులే. మిగిలిన నాలుగూ జాగ్రత్త" అన్నాడు.

మిగిలినవి జాగ్రత్తగానే చేశాను. మూడో చక్రం నుంచి ఆరో చక్రం దాకా 80 పిన్నులు, 27 కడ్డీల మీద 54 బొడిపెలు, భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ చూసి స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించాను. మా అమ్మాయి పక్కన కూచుని నేను చదివితే టైపు చేసింది. బొడిపెల్లో ఒక వరస చూడగానే కనిపిస్తుంది: 10వ కడ్డీ నుంచి 19 దాకా పదింటి మీదా ఒక బొడిపె రెండో చక్రానికి ఎదురుగా ఉంది, ఇంకోటి ఏ చక్రమూ లేని ఖాళీ చోట. మూడో చక్రానికైతే మొత్తం డ్రమ్ము మీద ఉన్నది ఒకే ఒక్క బొడిపె. బొడిపెల చుట్టూ ఎండిన గ్రీజు ఎక్కడా చిట్లలేదు, కాబట్టి కొన్ని దశాబ్దాలుగా వీటిని ఎవరూ కదపలేదు.

అక్కణ్ణించి పని రెండు దారుల్లో సాగింది, మామూలు రోజుల్లో ఇనుముతో, వారాంతాల్లో కాగితాలతో.

ఇనుము సంగతి ఎక్కువ చెప్పను. బాబాయి సూత్రం ఒక్కటే, "నూనె ఎంత తక్కువైతే అంత మంచిది. కుట్టుమిషను ఆయిలు సూదిమొనకి అంటించి, ఆ మొన ఆనించు, అంతే. నువ్వు పోశావంటే దుమ్ము పట్టి ఏడాదికి మళ్ళీ బంకే." తుప్పు పెద్దగా లేదు, పిడి ఇరుసు దగ్గర, మూత మడతబందు దగ్గర కొంచెం. పెట్టె రంగు మాత్రం ముట్టుకోలేదు. కొంతమంది వీటిని మళ్ళీ పెయింట్ చేసి కొత్తవాటిలా మెరిపిస్తారు, నాకు అది చూస్తేనే చిరాకు, ఆ గీతలన్నీ ఎవరో మోసినప్పుడు పడ్డవి కదా. సిరా మెత్త రాయిలా ఎండిపోయింది. కొత్త ఫెల్టు ముక్క కత్తిరించి స్టాంపు ప్యాడ్ సిరా తడిపాను. కాగితానికి కూడికల మిషను రోలుని సన్నగా కోసుకున్నాను, రెండుసార్లు వెడల్పు తప్పి లోపల ఇరుక్కుంది.

కాగితాల సంగతి కొంచెం చెప్పాలి. అడుగున రేకు మీద సీరియల్ నంబరు, సిగ్నల్ కోర్ (అమెరికా సైన్యంలో సమాచారాలు చూసే విభాగం) పేరు, ఆర్డర్ నంబరు ఉన్నాయి. ఆర్డర్ నంబరు చివర 44, అది సంవత్సరం. సంచి లోపలి పక్క నల్లసిరాతో ఒక ఇంగ్లీషు అక్షరం, నాలుగంకెలు. అమెరికా సైనికులు బట్టలు చాకిరేవులో కలిసిపోకుండా ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీసు నంబరులో చివరి నాలుగంకెలు అలా వేసుకునేవాళ్ళు. మన ధోబీ గుర్తే. ఇల్లు అమ్మిన పెద్దావిడకి ఫోన్ చేశాను. డెబ్భై దాటి ఉంటాయి. కూడికల మిషను కాదు, ఇది ఫలానా అని చెప్పేశాను, కావాలంటే వెనక్కి ఇచ్చేస్తానని కూడా అన్నాను, దాచిపెట్టుకుంటే నాకు నిద్ర పట్టేలా లేదు. ఆవిడ నవ్వి, "వద్దులే, కానీ బాగయ్యాక ఒకసారి చూపించు" అన్నారు. నాన్నగారు సైన్యంలో చేశారట, యుద్ధం గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడేవారు కాదట.

ఇంక నాలో కథకుడు లేచాడు. ఇటలీలో బురద గుంటల్లో కూచుని ఆయన పిడి తిప్పుతున్నట్టూ, పక్కన బాంబులు పడుతున్నట్టూ. సంచి మీద అక్షరం ఆవిడ నాన్నగారి ఇంటిపేరుతో కలవలేదని తెలిశాక కూడా ఆ ఊహ వదల్లేదు, ఇంకెవరో స్నేహితుడి సంచి అయుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

సైనికుల పాత రికార్డులు సెయింట్ లూయిస్‌లో ఉంటాయి. అక్కడ 1973 జూలై 12న పెద్ద అగ్నిప్రమాదం జరిగి కోటీ అరవై లక్షల పైన ఫైళ్ళు పోయాయి. 1912 నుంచి 1960 మధ్య సైన్యం వదిలినవాళ్ళ ఫైళ్ళలో వందకి ఎనభై బూడిదే. ఈయన ఫైలూ అందులోదే. మిగిలింది చివరి జీతం రసీదు ఒక్కటి, అందులో సర్వీసు నంబరు ఉంది. సంచి మీది నాలుగంకెలతో అదీ కలవలేదు. తర్వాత ఆవిడ ఒక ఫొటో పంపారు, కుర్రాడు టోపీ పక్కకి పెట్టుకుని నవ్వుతున్నాడు, వెనక పెన్సిల్‌తో "క్యాంప్ క్రౌడర్, 1943". మిస్సోరి రాష్ట్రంలో సిగ్నల్ కోర్ వాళ్ళకి శిక్షణ ఇచ్చిన పెద్ద కేంద్రం అది. బావుంది, కానీ నా దగ్గరున్న యంత్రం ఆర్డర్ 44లోది. ఆయన 43లో నేర్చుకున్నది దీని మీద కాదన్నమాట.

ఈ మధ్యలో యంత్రాన్ని కనిపెట్టినాయన గురించి చదువుతూ కూచున్నా, అది వేరే నవల. బోరిస్ హాగెలిన్, స్వీడన్ వాడు, పుట్టింది 1892లో ఇప్పటి అజర్‌బైజాన్‌లో, తండ్రి బాకూలో నోబెల్ సోదరుల చమురు వ్యాపారంలో పనిచేసేవాడు. 1930లలో ఫ్రెంచి సైన్యం జేబులో పట్టే యంత్రం కావాలంటే, అంతకుముందు చిల్లర నాణేలిచ్చే మిషను కోసం తను చేసిన ఏర్పాటునే ఇందులోకి మార్చాడు. నాకు డ్రమ్ము చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది, చిల్లర లెక్కపెట్టే పనే కదా, ఎన్ని కడ్డీలు జరిగాయో అంతే తిప్పు. 1940లో యుద్ధం మొదలైపోయాక భార్యతో కలిసి, చేతిసంచిలో యంత్రం నక్షాలు, సామాన్లలో విప్పిన రెండు యంత్రాలతో, జర్మనీ మీదుగానే రైల్లో ఇటలీలోని జెనోవా చేరి, అక్కడ ఓడెక్కి న్యూయార్క్‌లో దిగాడు. ధైర్యం అనాలో తెగింపు అనాలో. సంకేత యంత్రాలు అమ్మి కోటీశ్వరుడైన మొదటి మనిషి ఈయనే అంటారు.

ఆయనే తర్వాత స్విట్జర్లాండ్‌లో క్రిప్టో ఏజీ అనే కంపెనీ పెట్టాడు. 1970లో ఆ కంపెనీని అమెరికా సీఐఏ, పశ్చిమ జర్మనీ గూఢచారి సంస్థ కలిసి గుట్టుగా కొనేశాయి. ఆ కంపెనీ పేరు మీద దేశదేశాలకీ యంత్రాలు అమ్ముతూ, ఆ సందేశాలు తామే చదువుకున్నాయి. 2020 ఫిబ్రవరిలో అది పత్రికల్లో బయటపడింది. కొనుక్కున్నవాళ్ళ జాబితాలో పాకిస్తానూ ఉంది, మనమూ ఉన్నాం. ఇది బాబాయికి చెప్తే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే ఈ మీ మిషను సంగతేంటి, జర్మనీ వాళ్ళు చదవలేకపోయారా?" అని అడిగాడు. చదివారు. ఒకే సెట్టింగు మీద రెండు సందేశాలు పొరపాటున పంపితే చాలు, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి విప్పేసేవాళ్ళు. ఆ సంగతి అమెరికా సైన్యానికీ తెలుసు. కొన్ని గంటల్లో విలువ పోయే సందేశాలకే దీన్ని వాడేవాళ్ళు, ఈ కొండ మీద దాడి చెయ్యండి అన్నది రేపటికి జర్మన్లు చదివినా ఏం లాభం.

సరే, అసలు సంగతి ఫిబ్రవరిలో జరిగింది. బయట మంచు తుఫాను, ఆఫీసుకి సెలవు. పిడి తిప్పేటప్పుడు ఒకచోట పట్టేస్తోంది, ఎందుకో చూద్దామని యుద్ధకాలపు సైనిక మాన్యువల్, టీఎం 11-380, స్కాన్ కాపీ తెరిచాను. అంతకుముందు కూడా తెరిచాను గానీ విడిభాగాల బొమ్మల కోసమే. ఈసారి పేజీలు తిప్పుతుంటే మధ్యలో ఉదాహరణ పట్టిక ఒకటి వచ్చింది, కొత్తవాళ్ళు అభ్యాసం చెయ్యడానికి నమూనా తాళం. చివరి నిలువు వరస, ఆరో చక్రం: ఏ, బి, డి, హెచ్, కె, ఎన్, ఓ, క్యూ.

ఎక్కడో చూసినట్టుందే అనిపించింది. స్ప్రెడ్‌షీట్ తెరిచాను. నా ఆరో చక్రంలో కుడికి ఉన్న పిన్నులు: ఏ, బి, డి, హెచ్, కె, ఎన్, ఓ, క్యూ.

ఐదో చక్రం చూశాను, బి, డి, ఇ, ఎఫ్, హెచ్, ఐ, ఎం, ఎన్, పి, ఎస్. అదే. నాలుగోదీ అదే, మూడోదీ అదే. బొడిపెలు 27 కడ్డీల మీదా అవే. నేను "ఒసేయ్" అని అరిచిన అరుపుకి మా ఆవిడ మేడ మీంచి ఏదో పడిపోయిందనుకుని పరిగెత్తుకొచ్చింది.

అర్థమైంది కదా. ఈ యంత్రంలో చివరిసారి పెట్టినది యుద్ధరంగపు తాళం కాదు. ఎవరో పాఠం చదువుకుంటూ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పెట్టారు. నా ఇటలీ, నా బురద, నా బాంబులు అక్కడికక్కడే ఆవిరైపోయాయి. కానీ అదే పట్టికలో నేను తుడిచేసిన మొదటి చక్రమూ, రెండో చక్రమూ కూడా ఉన్నాయి! మొదటి చక్రం వరస ఏ, బి, తర్వాత సి లేదు, డి ఉంది. ఫొటోలో మిగిలిన ఆ నాలుగు పిన్నులతో సరిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆ 51 పిన్నులూ మళ్ళీ పెట్టాను. చేతులు వణికాయని రాస్తే బావుంటుంది గానీ వణకలేదు, కాఫీ చల్లారిపోయింది, అంతే.

మాన్యువల్‌లో సరిచూసుకునే పద్ధతి ఉంది. ఆరు చక్రాలనీ ఏ దగ్గర పెట్టి, ఏ అన్న అక్షరాన్నే 26 సార్లు సంకేతంలోకి మార్చాలి. అచ్చయిన 26 అక్షరాలూ పుస్తకంలో ఇచ్చిన వాటితో సరిపోతే తాళం సరిగ్గా పెట్టినట్టు, యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. పిడి తిప్పాను. టి. మళ్ళీ తిప్పాను. ఎన్. జె, యు, డబ్ల్యూ. ఐదక్షరాలయ్యాక కాగితం దానంతటదే ఒక ఖాళీ జరిగింది, సైన్యం ఐదేసి అక్షరాల గుంపులుగా పంపేది కాబట్టి. ఐదూ సరిపోయాయి. ఆరోది ఏ రావాలి.

జెడ్ వచ్చింది.

ఏడోది మళ్ళీ సరిగ్గా యు. ఆఖరి దాకా తిప్పాను, ఆరో అక్షరం ఒక్కటే తేడా, మిగిలిన 25 సరి. మళ్ళీ మొదటి నుంచి తిప్పితే మళ్ళీ అక్కడే జెడ్. నాకు కోపం బదులు హుషారొచ్చింది, ఇది మన పనే, ప్రోగ్రాములో బగ్గు వెతకడం లాంటిదే. రావాల్సింది ఏ, వచ్చింది జెడ్, అంటే ఒక్క అడుగు తక్కువ. ఒక కడ్డీ జరగాల్సింది జరగలేదు. డ్రమ్ము మొత్తానికి ఒకే ఒక్క బొడిపె ఉన్నది మూడో చక్రానికి. కాబట్టి తప్పు మూడో చక్రంలో ఉంది. ఇంక ఏ పిన్ను? ఇక్కడో కిటుకుంది, కిటికీలో కనిపించే అక్షరం పిన్ను కాదు అప్పుడు పనిచేసేది, పిన్నుని తడిమి చూసే మీట చక్రానికి వేరే పక్కన ఉంటుంది. మూడో చక్రం కిటికీలో ఏ కనిపిస్తున్నప్పుడు లోపల తడిమేది ఎన్ పిన్నుని. అలా లెక్కేసుకుంటే ఆరో అక్షరం దగ్గర ఎస్.

చక్రం తీసి భూతద్దం కింద చూశాను. ఎస్ పిన్ను కుడికే ఉంది, కానీ పూర్తిగా కాదు, ఆవగింజలో సగమంత వంగి మీటకి అందకుండా ఉంది. ఎవరు వంచారంటారా, మూడో చక్రం తీసుకుని మొదటి పిన్ను మీద పుల్ల ఆనించి ఆగిపోయానని రాశానే, ఆ తత్తరపాటులో పుల్ల జారి పక్కకి తగిలినట్టు గుర్తు. బాబాయి కెమెరాలో చూస్తూ ఉండగా పట్టకారుతో నిటారుగా చేశాను. "చాలు, చాలు, ఇంక లాగకు, విరుగుద్ది" అని ఆయన తెనాలి నుంచి అరుస్తూనే ఉన్నాడు, అక్కడ రాత్రి ఒంటిగంట.

ఈసారి ఆరోది ఏ వచ్చింది.

ఏప్రిల్‌లో మంచు కరిగాక యంత్రాన్ని తీసుకుని ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు కూతురింట్లో ఉంటున్నారు. భోజనాల బల్ల మీద పెట్టగానే ఆవిడ "ఇక్కడే" అన్నారు. ఏమిటంటే, ఆవిడ హైస్కూల్లో ఉండగా వాళ్ళ నాన్నగారు దీన్ని సైన్యం మిగులు సామాను అమ్మే చోట కొనుక్కొచ్చారట. ఇదే బల్ల, అప్పుడు వాళ్ళింట్లో ఉండేది. రాత్రి భోజనాలయ్యాక ఒక పుస్తకం ముందేసుకుని చాలాసేపు టకటకలాడించారట. మర్నాడు బేస్‌మెంట్‌లోకి పట్టుకెళ్ళి పెట్టేశారు, మళ్ళీ తియ్యలేదు. అడిగితే "గుర్తుందో లేదో చూసుకున్నా" అన్నారట. నేను ఫోన్లో అన్ని ప్రశ్నలు వేశాను గానీ, మీ నాన్నగారు దీన్ని ఎప్పుడు తెచ్చారు అని ఒక్కసారీ అడగలేదు, యుద్ధం నుంచే తెచ్చుంటారని నేనే అనుకుని కూచున్నాను.

ఆవిడ చేత పిడి తిప్పించాను. యంత్రాన్ని సంకేతం విప్పే వైపుకి మార్చి, చక్రాలన్నీ ఏ దగ్గర పెట్టి, పుస్తకంలోని 26 సంకేత అక్షరాలూ నేను చదువుతుంటే ఆవిడ బిళ్ళ తిప్పుతూ ఒక్కొక్కటీ అచ్చేశారు. పదినిమిషాలు పట్టింది. కాగితం చింపి కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"అన్నీ ఏలే ఉన్నాయేంటి?"

"అదేనండీ సందేశం."

ఆవిడ పడీ పడీ నవ్వారు. ఆ చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నారు.

పిన్నులు అలాగే ఉంచాను, మా అమ్మాయి తన పేరుతో తాళం పెడతానని గొడవ చేస్తోంది గానీ ఒప్పుకోలేదు. సంచి మీది అక్షరం ఎవరిదో వెతుకుతూనే ఉన్నా. బాబాయి మాత్రం మొన్న ఫోన్లో, "మొత్తానికి ఎంతకి పోతుందిరా అది?" అని అడిగాడు.

"అమ్మను బాబాయ్."

"నాకు తెలుసులే. ఊరికే అడిగా."